నలభై దినాల ఇల్లు

పందొమ్మిది వందల యాభై ఎనిమిది వేసవిలో, ఆస్పత్రి నుంచి బయటికి వచ్చేవాళ్ళకి ఇళ్ళు వెదకడం నా ఉద్యోగం.

అది కోయంబత్తూరు మిల్లుల పక్కనే ఉన్న మిషన్ ఆస్పత్రి. జబ్బు తగ్గినా ఇంకా తిరగలేనివాళ్ళు, కుట్లు ఆరనివాళ్ళు, ఇంటికి పోతే గంజి కాచి పోసే దిక్కు లేనివాళ్ళు అక్కడ ఎప్పుడూ పదిమందికి తక్కువ ఉండేవాళ్ళు కాదు. వాళ్ళు మంచాలు ఖాళీ చేస్తే తప్ప, బయట వరండాలో చాప మీద పడుకున్నవాళ్ళు లోపలికి రాలేరు. అందుకని డాక్టర్ అమరావతి ఒక ఏర్పాటు చేసింది. చుట్టుపక్కల ఎవరైనా అలాంటివాళ్ళని పది రోజులో నెల రోజులో ఇంట్లో పెట్టుకుంటే, ఆస్పత్రి బియ్యమూ పాలపొడీ మందులూ ఇస్తుంది. ఇల్లు వెదికి, మనిషిని తీసుకెళ్ళి దించి, వారానికోసారి చూసి రావాలి. మా వీధిలో పదకొండో తరగతి దాటిన మొదటి ఆడపిల్లని నేనే కాబట్టి, ఆ పని నాకిచ్చింది. అప్పటికి నాకు ఇరవై ఏళ్ళు.

ఆ పనిలో నాకు మంచి పేరే వచ్చింది. ఏ ఇంటి అరుగు వానకి తడవదో, ఏ కోడలు విసుక్కోకుండా చాకిరీ చేస్తుందో, ఏ ముసలమ్మకి తోడు కావాలో నాకు తెలుసు. ఉప్పిలిపాళయం నుంచి సింగానల్లూరు దాకా మిల్లు పనివాళ్ళకి వరసగా కట్టిన లైను ఇళ్ళలో సగం మంది మన మాట మాట్లాడేవాళ్ళే. తమిళంలో అడిగితే తలుపు సగం తీసి విన్నవాళ్ళు, తెలుగులో అడిగితే "లోపలికి రా, తాయీ" అనేవాళ్ళు. కాలు విరిగినవాళ్ళు, కాన్పు కష్టమైనవాళ్ళు, మిల్లు యంత్రంలో వేళ్ళు పోయినవాళ్ళు, అందరికీ ఇళ్ళు దొరికాయి. ఒక్క జబ్బు పేరు ఎత్తితే మాత్రం రెండు భాషల్లోనూ జవాబు ఒకటే. ఆస్పత్రి దొడ్డివైపు క్షయ వార్డు ఉండేది. అక్కణ్ణుంచి వచ్చేవాళ్ళని వాళ్ళ సొంతవాళ్ళే తీసుకుపోవాలి. లేకపోతే లేదు.

సౌందరం ఆ వార్డులో పది నెలలు ఉంది. మదురై పక్కన వాడిపట్టిలో పుట్టి, పెళ్ళయి ఇక్కడికి వచ్చి, మిల్లులో దారం చుట్టే రీలింగు పని చేసేది. ఇరవై అయిదేళ్ళుంటాయేమో. రోజూ సూది మందు పొడిపించుకుని పొడిపించుకుని ఆమె నడుం కింద చోటు లేకుండా పోయింది. ఆ పది నెలల్లో ఆమె మొగుడు మాయాండి రెండుసార్లు వచ్చాడు. రెండోసారి వచ్చినప్పుడు, ఇంట్లో ఇంకొకామెని తెచ్చి పెట్టుకున్నానని చెప్పి వెళ్ళాడు. సౌందరం దానికి ఏడవలేదు. ఆమెకి నాలుగేళ్ళ కొడుకున్నాడు, ఆండి అని. వాడు నాయనమ్మ దగ్గర పెరుగుతున్నాడు. ఆమె మనసంతా వాడి మీదే.

చిత్తిరై నెలలో, మే మొదట్లో, డాక్టరమ్మ నన్ను పిలిచింది.

"సౌందరానికి మూడు నెలలుగా కళ్ళెలో ఏమీ లేదు. ఇంకొకరికి అంటుకునేది లేదు. నలభై దినాలు బాగా తిని, నిద్రపోయి, పొగా దుమ్మూ లేనిచోట ఉండాలి. ఆ తర్వాత ఒక ఎక్స్‌రే తీస్తాం. అది బాగుంటే మిల్లుకి కాగితం ఇస్తాను. వాళ్ళు పనిలోకి తీసుకుంటారు. శనివారం లోపల ఇల్లు చూడు. వరండాలో ముగ్గురున్నారు."

మొదట మాయాండి ఇంటికే వెళ్ళాను. అతని తల్లి గుమ్మం దగ్గరే నన్ను నిలబెట్టి మాట్లాడింది. ఎక్స్‌రే బాగుందని కాగితం తెస్తే బిడ్డని తీసుకుపోవచ్చట. మిల్లు ఇచ్చే గదిలో తల్లీ కొడుకూ ఎట్లా అయినా బతకచ్చట. అంతవరకూ ఆ గుమ్మం దిక్కు చూడకూడదట. ఆ మాట తెచ్చి సౌందరానికి చెబితే, ఏదో వరం దొరికినట్టు నా చెయ్యి పట్టుకుంది.

"నలభై దినాలే కదా వాసుకీ? యాడైనా ఉంటా. ఆవుల కొట్టమైనా సరి."

ఆ వారం పదిహేడు ఇళ్ళు తిరిగాను. డాక్టరమ్మ రాసిచ్చిన కాగితం చూపించాను. చదువు రానివాళ్ళకి చదివి వినిపించాను. ఒకామె నేను కూర్చున్న అరుగు మీద నా ఎదుటే నీళ్ళు పోసి కడిగింది. శుక్రవారం సాయంత్రానికి అడగడానికి ఒక్క ఇల్లూ మిగల్లేదు, మా ఇల్లు తప్ప.

మా ఇంట్లో అడగకూడదని నాకు తెలుసు. సింగానల్లూరు మిల్లు వెనక సందులో రెండు గదులు, ఒక అరుగు, దొడ్లో ఒక మునగచెట్టు. మా అమ్మ పళనియమ్మాళ్, మా అక్క రాసాత్తి, అక్క కూతురు చిన్నత్తాయి, నేను. అక్క మొగుడు సుడలై మిల్లులో పత్తి బేళ్ళు విప్పే డిపార్ట్‌మెంటులో పనిచేసేవాడు. నాలుగేళ్ళ కిందట ఆ జబ్బుతోనే, ఆ ముందు గదిలోనే పోయాడు. ఆ సూది మందు మాలాంటివాళ్ళ దాకా వచ్చేలోపలే అయిపోయాడు. అతను పోయాక అక్క చాపా, దిండూ, చొక్కాలూ అన్నీ దొడ్లో వేసి కాల్చింది. గోడలకి మూడుసార్లు సున్నం కొట్టింది. మా ఇంటికి వచ్చిన చుట్టం రెండుసార్లు దగ్గితే చాలు, అక్క బిడ్డని ఎత్తుకుని పక్కింటికి పోయేది.

నేను కాగితాన్ని నమ్మాను. అంటుకోదని డాక్టరమ్మ చెప్పింది, అది నిజం. నిజం నా చేతిలో ఉన్నప్పుడు, దాని పేరు మార్చి చెబితే ఏం పోతుంది అనుకున్నాను. ఇరవై ఏళ్ళ వయసులో నా తెలివి అంతవరకే ఉంది.

"అక్కా, కడుపులో ఆపరేషన్ అయినామె ఒకతె ఉండాది. మన మనిషే. వాడిపట్టి. నలభై దినాలు అరుగు మీద ఉంటాది," అన్నాను.

అక్క బియ్యం చెరుగుతోంది. "ఆపరేషనా? పావం. వయసెంత?"

"నీకన్నా చిన్నది."

"బిడ్డలుండారా?"

"ఒక మొగబిడ్డ. ఆమె దగ్గర లేడు."

అక్క చేట ఆపి, "అరుగు మీద ఎందుకు? ఆడమనిషి. ముందు గదిలో పడుకోనీ," అంది.

శనివారం సౌందరాన్ని తీసుకొస్తూ, దారిలో ఆమెకి రెండో అబద్ధం చెప్పాను. "మా అక్కకి అంతా తెలుసు. కానీ ఆ జబ్బు మాట ఇంట్లో ఎత్తద్దు. మా బావ దాంతోనే పోయె. ఆ పేరు వింటే అక్క తట్టుకోదు."

సౌందరం దారి మధ్యలో ఆగిపోయింది. "తెలిసీ రమ్మనెనా?"

"ఆమా," అని తల ఊపాను.

ఆమె కొంగు తీసి కళ్ళు తుడుచుకుంది. నేను ముందుకి నడిచాను.

ఆ నెల రోజులూ మా ఇల్లు ఎంత బాగుండిందో చెబితే, నేను చేసిన దాన్ని కప్పిపుచ్చుకుంటున్నానని అనుకోవచ్చు. కానీ బాగుండింది. ముందు గదిలో పడుకోమంటే సౌందరం వినలేదు. అరుగు మీదే చాప వేసుకుంది. తనకంటూ ఒక కంచం, ఒక చెంబు పెట్టుకుని, తిన్నాక తానే కడిగి విడిగా బోర్లించేది. అక్కకి అది మర్యాదగా తోచింది. "ఎంత శుభ్రమో చూడు ఆమెకి," అనేది అమ్మతో. రెండో వారానికల్లా ఆ కంచాన్ని తీసి మా కంచాల్లో కలిపేసింది. సౌందరం వద్దంటుంటే, "ఇంట్లో మనిషికి వేరు కంచమేంది?" అని కసిరింది.

పొద్దున మిల్లు సైరను, మా వాళ్ళ మాటలో సంగు, ఊదేలోపల అక్క వంట చేసి, సౌందరానికి గుడ్డు ఉడకబెట్టి పెట్టి షిఫ్టుకి పోయేది. మధ్యాహ్నం రెండు దాటాక పత్తి నూగుతో తెల్లబడిన తలతో వచ్చేది. అరుగు దగ్గరికి రాకముందే దొడ్లోకి పోయి తల దులుపుకుని, కాళ్ళు కడుక్కుని వచ్చి సౌందరం పక్కన చతికిలబడేది. ఇద్దరూ రీలింగు పనివాళ్ళే. ఏ మేస్త్రి ఎట్లా తిడతాడో, ఏ మిషన్ దారం ఎక్కువ తెంపుతుందో, ఎంతసేపైనా మాట్లాడుకునేవాళ్ళు. సౌందరం వాళ్ళ తెలుగూ మా తెలుగూ కొంచెం వేరు. అక్క "తయిరు పోసుకో" అంటే సౌందరం నవ్వేది.

"పెరుగు అనక్కా. మన మాట ఉండంగా తయిరేంది?"

"మూడు తరాల నుంచీ తయిరే తింటా ఉండాము. ఇప్పుడు పెరుగంటే పులుస్తాది," అనేది అక్క. మా బావ పోయాక అక్క అట్లా నవ్వగా నేను వినలేదు. అమ్మ ఆ నవ్వు విని, వంటింట్లోంచి నా దిక్కు చూసేది. మంచిపని చేశావన్నట్టుండేది ఆ చూపు.

సౌందరం ఒళ్ళు చేసింది. బుగ్గలు నిండాయి. రోజూ గోడ మీద బొగ్గుతో ఒక గీత గీసేది. ఇరవై గీతలయ్యాక, కొడుక్కి చొక్కా కుట్టడానికి గుడ్డ తెమ్మని నన్ను అడిగింది. వాడి కొలత తెలియదు. చిన్నత్తాయిని దూరంగా నిలబెట్టి, కంటితో చూసి, "వాడు ఇంతకన్నా ఒక వేలు పొట్టిగా ఉంటాడు," అని కత్తిరించింది.

ఒక్క విషయమే అక్కకి కొంచెం బాధగా ఉండేది. చిన్నత్తాయికి అయిదేళ్ళు. ఎవరి ఒళ్ళో పడితే వాళ్ళ ఒళ్ళో ఎక్కి కూర్చునే పిల్ల. అది దగ్గరికి వస్తే సౌందరం లేచి నిలబడేది. మాటలు చెప్పేది, కథలు చెప్పేది, కానీ అరుగు ఆ చివర ఆమె, ఈ చివర పిల్ల. "మొగబిడ్డని కన్నామె కదా, ఆడపిల్లంటే ఇష్టం లేదేమో," అంది అక్క ఒకసారి నాతో. నేను వేరే మాటెత్తి తప్పించుకున్నాను.

ముప్పయ్యో రోజు ఆదివారం. మిల్లుకి సెలవు. వైకాసి ఎండ పేలిపోతోంది. అక్క దొడ్లో మునగచెట్టు కింద చిన్నత్తాయికి తలంటి నీళ్ళు పోస్తోంది. సౌందరం వెనక గడప మీద కూర్చుని ఆ చొక్కాకి గుండీలు కుడుతోంది. నేను బావి దగ్గర బట్టలు పిండుతున్నాను. నీళ్ళు పోయడం అయ్యాక పిల్లని తువ్వాలులో చుట్టి, తల తుడవడానికి ఇంకో గుడ్డ కావాలని, అక్క ఏమీ అనకుండా పిల్లని ఎత్తి సౌందరం ఒళ్ళో పెట్టేసింది.

సౌందరం చేతులు రెండూ పైకెత్తేసింది. సూది కింద పడింది. పిల్ల మాత్రం ఆమె మెడ చుట్టూ చేతులు వేసి, తడి తల భుజం మీద ఆనించింది. ఒక్క క్షణం సౌందరం కళ్ళు మూసుకుంది. పిల్ల వీపు మీద చెయ్యి వేసింది. తర్వాత కళ్ళు తెరిచి అడిగింది:

"అక్కా, ఎత్తుకోవచ్చని డాక్టరమ్మ చెప్పెనా?"

అక్క నవ్వింది. "కడుపు కుట్లకి పిల్ల బరువా? బావిలో నీళ్ళు తోడమంటినా? ఒళ్ళో పెట్టుకోవడానికేమి?"

సౌందరం మొహం నా వైపు తిరిగింది. నా చేతిలో చీర మెలిపెట్టి ఉంది, నీళ్ళు కారుతున్నాయి. నేను తల వంచుకుని ఆ చీరనే ఇంకా పిండాను.

ఆమె పిల్లని మెల్లగా కిందికి దించి, తువ్వాలు సరిచేసి, తాను లేచి నాలుగడుగులు వెనక్కి జరిగింది.

"అక్కా, నాకి ఏ ఆపరేషనూ కాలేదు. నేను దొడ్డివైపు వార్డులో ఉంటిని. పది నెలలు."

దొడ్డివైపు వార్డంటే ఏమిటో మిల్లుల చుట్టుపక్కల ఎవరికీ వివరించి చెప్పక్కర్లేదు. అక్క ఆమెని చూసింది. తర్వాత నన్ను చూసింది.

"నిజమా?"

"అక్కా, ఇప్పుడు అంటుకోదు. కాగితం ఉండాది. డాక్టరమ్మ..."

అక్క చెయ్యెత్తి ఆపింది. కేకలు వేస్తుందనుకున్నాను. వెయ్యలేదు. పిల్లని మళ్ళీ మునగచెట్టు కిందికి తీసుకుపోయింది. తువ్వాలు విప్పి దూరంగా పడేసింది. బావిలోంచి బిందె తోడి పోసింది. సీకాయ రుద్దింది. మళ్ళీ తోడి పోసింది. చిన్నత్తాయి "ఇప్పుడే పోస్తివి కదమ్మా" అని ఏడుస్తోంది. అక్క పోస్తూనే ఉంది. సౌందరం నాలుగడుగుల అవతల నిలబడి అదంతా చూసింది.

మర్నాడు పొద్దున అక్క ఎప్పటిలాగే వంట చేసింది. గుడ్డు ఉడకబెట్టింది. సౌందరాన్ని పొమ్మనలేదు, ఉండమనలేదు. సంగు ఊదాక, "ఆమెని తినమను," అని అమ్మతో చెప్పి, అరుగు వైపు చూడకుండా, కొంగులో మొహం దాచుకున్న పిల్లని నడిపించుకుంటూ పోయింది. ఇక పిల్లని మిల్లు దగ్గర పిల్లల్ని చూసే ఆయమ్మ ఇంట్లో వదలాలని అనుకుందట.

అమ్మ సౌందరాన్ని బతిమాలింది. "పది దినాలు, కణ్ణూ. దాని మనసు నాకి తెలుసు. రెండు దినాలు పోతే సర్దుకుంటాది."

సౌందరం చాప చుట్టింది. మాత్రల పొట్లం, చొక్కా సంచిలో పెట్టుకుంది. గుడ్డు తినలేదు. సందు మలుపు దాకా నేను వెంట వెళ్ళాను.

"నా మీద కోపం అయితే నన్ను తిట్టు. పోవద్దు," అన్నాను.

"కోపం లేదు వాసుకీ." ఆమె గొంతు మామూలుగానే ఉంది. "మీ అక్క తెలిసీ నా కంచం మీ కంచాల్లో కలిపిందని అనుకుంటిని. తెలిసీ పక్కన కూర్చుంటాదని అనుకుంటిని. దినమూ దాన్నే తలుచుకుంటా నిద్రపోతిని. ముప్పై దినాలు. అది నీ అబద్ధమని నిన్న తెలిసె. ఇంక ఆ అరుగు మీద నాకి నిద్ర రాదు."

ఆమె వాడిపట్టి బండి ఎక్కలేదు. వాళ్ళ మిల్లు లైనుకే పోయింది, మాయాండి ఇంటికి. అతను తెచ్చుకున్నామె కడుపుతో ఉంది. బయటి పని చెయ్యడానికి ఒక మనిషి కావలసి వచ్చింది. గుమ్మం దాటి లోపలికి రాకూడదు, వంట ముట్టకూడదు, పిల్లవాణ్ణి తాకకూడదు అని అత్త చెప్పి, దొడ్లో కట్టెలు పేర్చే రేకుల పంచలో చోటిచ్చింది.

నేను పరుగున డాక్టరమ్మ దగ్గరికి పోయి జరిగిందంతా చెప్పాను. "ఆమె మంచంలో ఇప్పుడు పందొమ్మిదేళ్ళ పిల్ల ఉంది. లేపమంటావా?" అంది. మళ్ళీ ఇళ్ళు తిరిగాను. అప్పటికే మా వీధిలో అందరికీ తెలిసిపోయింది. జబ్బు పేరు మార్చి చెప్పే పిల్లనని, అంతకు ముందు లోపలికి రమ్మన్న ఇళ్ళవాళ్ళు కూడా, ఎవరికి చోటు అడిగినా, "ఈమెకి నిజంగా ఏముండాది?" అని అడగడం మొదలుపెట్టారు.

వారం తర్వాత సౌందరాన్ని చూడటానికి వెళ్ళాను. పాలక్కాడు వైపు నుంచి గాలి మొదలైంది. సన్నగా జల్లు పడుతోంది. ఆమె పంచలో, ఇంటిల్లిపాదికీ స్నానాలకి నీళ్ళు కాచే పెద్ద పొయ్యి ముందు కూర్చుని పచ్చికట్టెలు ఎగదోస్తోంది. పంచ నిండా పొగ. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఒంట్లో చేరిన కండ అప్పుడే సగం పోయింది.

"ఇక్కడ ఉండకూడదని డాక్టరమ్మ చెప్తా ఉండాది. వాడిపట్టికైనా పోదాం, నేను తీసుకుపోతా."

"పోతే వాడు కంటికి కనపడడు." ఆమె దొడ్డివాకిలి వైపు చూపించింది. అక్కడ ఒక పిల్లవాడు చేతిలో బెల్లం ముక్కతో నిలబడి మమ్మల్ని చూస్తున్నాడు. ఒంటి మీద చొక్కా లేదు.

"చొక్కా ఇచ్చితివా?"

"అత్త పొయ్యిలో వేసె." కట్టె ఇంకొంచెం లోపలికి తోసింది. "వాడు నాతో మాట్లాడతాడు, తెలుసా. నీళ్ళు కాగెనా అని అడగను వస్తాడు. పరాయి మనిషికి రండి, పొండి అన్నట్టు, మర్యాదగా, 'వాంగ' అంటాడు. 'పోంగ' అంటాడు."

ఆ మాట చెప్పి ఆమె నవ్వింది. నవ్వు దగ్గులోకి దిగింది. మొహం గోడకి తిప్పుకుని, కొంగు నోట్లో కుక్కుకుని, పిల్లవాడికి వినపడకుండా దగ్గింది.

నలభయ్యో రోజు ఆమె ఎక్స్‌రేకి రాలేదు. అత్త పంపలేదు. ఇంకో మూడు వారాలకి, ఆని నెల చివర, జూలైలో, నేను రిక్షా తీసుకుపోయి, అత్తతో పోట్లాడి, ఆమెని తీసుకొచ్చాను. డాక్టర్ అమరావతి ఎక్స్‌రే ఫిల్ము కిటికీ వెలుగులో పట్టుకుని చూసింది. నన్ను కూడా రమ్మని చూపించింది. కుడివైపు పైన, గోడ మీద చెమ్మ దిగినట్టు, తెల్లటి మచ్చ.

"మీ ఇంట్లోనే ఉన్నా తిరగబెట్టి ఉండేదేమో. ఈ జబ్బుని నమ్మడానికి లేదు," అంది డాక్టరమ్మ. నా కోసమే అన్న మాట అది. ఆమె మంచిది. కానీ ఆ మాటని ఏం చేసుకోవాలో నాకు ఈనాటికీ తెలియలేదు.

సౌందరాన్ని దొడ్డివైపు వార్డులోనే మళ్ళీ చేర్చుకున్నారు. ఆ రోజు సాయంత్రం ఇంటికి వచ్చి, అక్క వింటుండగా, అమ్మతో చెప్పాను. తలంటు పోసిన ఆ ఆదివారం నుంచి అక్క నాతో మాట్లాడటం లేదు. చిన్నత్తాయికి నేనే ఎక్స్‌రే తీయించి, ఏమీ లేదని కాగితం తెచ్చిస్తే, చూసి అమ్మ చేతికిచ్చింది తప్ప నోరు విప్పలేదు. ఆ సాయంత్రం మాత్రం, పిల్లకి జడ వేస్తూ, నా వైపు తిరగకుండా అంది:

"నువ్వు నిజం చెప్పుంటే నేను వద్దనుందును. ఆ సంగతి నాకి తెలుసు. వద్దంటే ఆ పాపం నాది. నేను మోసుకుందును. నువ్వు అది కూడా నాకి లేకుండా చేస్తివి. ఆమె పక్కన కూర్చోబెట్టి, అక్కా అని పిలిపించి, ఆ తర్వాత ఆమె ఎదురుగానే నా బిడ్డని నాచేత కడిగిస్తివి."

అమ్మ "రాసాత్తీ" అంది. అక్క జడ చివర రిబ్బను కట్టి లేచిపోయింది.

ఆవణి నెలలో, ఆగస్టు చివర, అక్క సూలూరు దగ్గర ఇంకో మిల్లులో పని చూసుకుని, పిల్లతో సహా వెళ్ళిపోయింది. పోయేముందు అరుగు ఎదుట గోడ మీద బొగ్గు గీతలు చూసి, సున్నం కొట్టబోతున్న అమ్మని వద్దని ఆపిందట. అవి వానలకి వాటంతటవే పోయాయి. అప్పటినుంచి అమ్మ నెలలో సగం రోజులు సూలూరులో, సగం రోజులు నా దగ్గర. నలుగురం ఉన్న ఇంట్లో, అమ్మ లేని రోజుల్లో నేనొక్కదాన్నే.

సౌందరం కార్తిగై నెల దాకా బతికింది. రోజూ పనయ్యాక వెళ్ళి ఆమె మంచం పక్కన కూర్చునేదాన్ని. నన్ను ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. చిన్నత్తాయికి పళ్ళు ఊడుతున్నాయా అని అడిగేది. ఒకసారి మాయాండి కొడుకుని తీసుకొచ్చి, కిటికీ బయట భుజం మీద కూర్చోబెట్టి చూపించాడు. పిల్లవాడు లోపలికి చూసి, చెయ్యి ఊపి, "పోయిట్టు వరేంగ," అని, వెళ్ళొస్తానండీ అన్న మాటని, తండ్రి నేర్పినట్టు మర్యాదగా చెప్పాడు. ఆమె కూడా అంతే మర్యాదగా చేతులు జోడించి, "వాంగ, సామీ," అంది. నాలుగు రోజుల తర్వాత, పొద్దున పది గంటలకి, నేను ఇంకెవరికో ఇల్లు వెదుకుతూ ఉప్పిలిపాళయంలో తిరుగుతుండగా పోయింది.

మళ్ళీ చిత్తిరై వచ్చింది. దొడ్డివైపు వార్డు నుంచి వళ్ళియమ్మాళ్ అని ఒకామె బయటికి రావాలి. నలభై దాటిన మనిషి. కళ్ళె శుభ్రంగా ఉంది, కాగితం ఉంది, నలభై దినాలు కావాలి. మా ఇంట్లో పెట్టుకుందామంటే, మా సందులో వాళ్ళంతా ఏకమై ఇంటి యజమానికి చెప్పి అడ్డం పడ్డారు. తిరగాల్సిన ఇళ్ళన్నీ తిరిగాను. ప్రతి గుమ్మం దగ్గరా, కూర్చోకముందే, జబ్బు పేరు ముందు చెప్పాను. ఇరవై రెండు తలుపులు మూసుకున్నాయి.

అప్పుడు సూలూరు బస్సెక్కాను. ఎందుకు ఎక్కానో నాకే సరిగ్గా తెలియదు. మిట్టమధ్యాహ్నం. అక్క షిఫ్టు నుంచి వచ్చి, వాకిట్లో తల దులుపుకుంటోంది. చిన్నత్తాయి నన్ను చూసి "పిన్నీ" అని పరిగెత్తుకొచ్చి, తల్లి మొహం చూసి మధ్యలో ఆగిపోయింది. నేను గడప బయటే నిలబడ్డాను.

"అక్కా, ఒకామె ఉండాది. వళ్ళియమ్మాళ్ అని. క్షయ. దొడ్డివైపు వార్డు. ఇప్పుడు అంటుకోదని డాక్టరమ్మ చెప్తా ఉండాది. నలభై దినాలు చోటు కావాల."

అక్క చేతిలోని తువ్వాలు అట్లాగే ఉండిపోయింది. పిల్లని చూసింది. లోపల గదిని చూసింది. తర్వాత చాలాసేపు నన్నే చూసింది. నేను తల దించుకోలేదు.

"వద్దు," అంది.

"సరి అక్కా," అన్నాను.

తిరిగి బస్సు దిక్కు రెండడుగులు వేశాను. వెనక నుంచి అక్క గొంతు వినిపించింది. పది నెలల్లో నా పేరు ఆ నోటి నుంచి రావడం అదే మొదలు.

"వాసుకీ. ఎండన పడి వస్తివి. రా, తిని పో."

లోపలికి వెళ్ళి కూర్చున్నాను. అక్క కంచంలో అన్నం పెట్టి, పప్పు పోసి, నా ఎదురుగా గోడకి ఆనుకుని కూర్చుంది. చివర పెరుగు పోస్తూ ఆమె చెయ్యి ఒకసారి ఆగింది. నేను చూడనట్టు అన్నం కలుపుకున్నాను.

చెయ్యి కడుక్కున్నాక అడిగింది, "ఆమెని ఇంక యాడ పెడతావు?"

"తెలియదు. ఇంకా చూడాల."

అక్క గడప దాకా వచ్చింది. "మా వెనక సందులో మూడు ఇళ్ళు ఉండాయి, మనవాళ్ళవి. అడిగి చూడు."

సంచి తీసుకుని వెనక సందుకి నడిచాను. మొదటి ఇంటి తలుపు మూసి ఉంది. కొట్టాను. లోపల ఎవరో ముసలామె "యారు?" అంది. తలుపు తెరుచుకోకముందే, బయట నుంచే, జబ్బు పేరు చెప్పాను.